పసుపు సీసాలో చల్లదనం

హాస్టల్లో ఇంటర్నల్స్ టైమ్‌టేబుల్ అంటించగానే తలనొప్పులు మొదలవుతాయి. అప్పుడు మనకి రెండే దారులు: మెడికల్ షాపులో పది మాత్రల స్ట్రిప్, లేదా అమ్మ బ్యాగులో పెట్టి పంపిన అమృతాంజనం. "అది ముసలాళ్ళ మందురా" అంటాడు మా రూమ్మేటు. ముసలిదే మరి. 1893లో బొంబాయిలో కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు మొదలుపెట్టారు. ఆ ఆదాయమే తర్వాత ఆంధ్రపత్రికకీ, భారతికీ అండ అయింది. సాహితీ క్లబ్బు వాళ్ళం, ఆ మాత్రం రుణం తీర్చుకోవాలని ఈ సెమిస్టర్లో రాసి చూశాను.

రాత్రి ల్యాప్‌టాప్ ముందు కూర్చుని కూర్చుని నుదుటి చుట్టూ పట్టీ బిగించినట్టయినప్పుడు, శనగగింజంత తీసి కణతలకి రుద్దాను. కాసేపటికే చల్లగా హాయిగా ఉంది. కానీ కరోనా రోజుల్లో కొన్న నుదుటి థర్మామీటరు మాత్రం రాయకముందు ఎంత చూపించిందో, రాశాక కూడా దాదాపు అంతే చూపించింది.

మరి ఆ చల్లదనం ఎక్కడిది? మెంథాల్‌ది. చర్మంలోని నాడుల కొసల్లో టీఆర్‌పీఎం8 అనే ప్రొటీన్ ఉంటుంది. చర్మం సుమారు 26 డిగ్రీల కంటే చల్లబడితే తెరుచుకునే గేటు లాంటిది అది. తెరుచుకోగానే అయాన్లు లోపలికి వెళ్ళి, మెదడుకి "చలి" అని కబురు పోతుంది. మెంథాల్ చలి లేకుండానే ఆ గేటు తీసేస్తుంది. మన భాషలో చెప్పాలంటే సెన్సర్‌కి తప్పుడు ఇన్‌పుట్. పిప్పరమెంటు బిళ్ళ చప్పరించి మామూలు నీళ్ళు తాగినా ఐసు నీళ్ళలా జిల్లుమనేది ఇందుకే. 2021లో నోబెల్ అందుకున్న డేవిడ్ జూలియస్, ఆర్డెమ్ పటపూటియన్ ఇద్దరూ విడివిడిగా మెంథాల్ సాయంతోనే ఈ గేటుని పట్టుకున్నారు.

సెన్సర్ మోసపోతే నొప్పెందుకు తగ్గాలి? మోకాలికి దెబ్బ తగిలితే చెయ్యి దానంతటదే రుద్దడానికి పోతుంది కదా. స్పర్శ సిగ్నళ్ళు నొప్పి సిగ్నళ్ళని దారిలోనే కొంత అణుస్తాయని 1965లో మెల్జాక్, వాల్ చెప్పారు. వివరాల్లో తర్వాత మార్పులొచ్చాయి గానీ అసలు ఆలోచన నిలిచింది. నా మటుకు సగం పని మందుది, సగం రుద్దిన వేళ్ళది. అరగంటకి నొప్పి సగానికి దిగింది, పూర్తిగా పోలేదు. ఇంకోరోజు ఒక పక్కే పోట్లు పొడుస్తూ వాంతి వచ్చేలా ఉన్నప్పుడు రాస్తే ఏమీ తగ్గలేదు.

అయినా దీని గురించి ఇంత రాయడానికి కారణం మా రూమ్మేటే. పారాసిటమాల్ లాంటి మామూలు నొప్పి మాత్రలు నెలకి 15 రోజులు, అలా మూడు నెలలు దాటి వాడితే ఆ మాత్రల వల్లే తలనొప్పి రావచ్చు. కెఫీన్ లాంటివి కలిపిన మాత్రలకైతే 10 రోజులే చాలు. వాడు వాడేది రెండో రకం. క్యాలెండర్ ముందు పెట్టుకుని లెక్కేస్తే పోయిన నెలలో 19 రోజులు తేలాయి. అంతకుముందు రెండు నెలలూ అంతే. ఈ శనివారం డాక్టరు దగ్గరికి వెళ్తున్నాం.

సీసా బల్ల మీదే ఉంది, కావాల్సినవాళ్ళు వచ్చి రాసుకోండి. ఆ చేత్తో కళ్ళు మాత్రం నులుముకోకండి. ఇంటికెళ్ళినప్పుడు పసిపిల్లల ముక్కు దగ్గర అసలు రాయకండి.