పాలకూర పట్టించిన పొగ

అమెరికాలోని లాస్ ఏంజెలిస్ నగరం చుట్టూ కూరగాయలు పండించే రైతులకు 1944 ప్రాంతంలో వింత తెగులు ఎదురైంది. పాలకూర వంటి ఆకుకూరల అడుగుభాగం వెండిపూత పూసినట్లు మెరిసేది. తర్వాత కంచు రంగుకు తిరిగి మాడిపోయేది. అది పురుగూ కాదు, బూజూ కాదు.

అప్పటికే నగరంలో జనం కళ్లు మండుతున్నాయి. 1943 జూలైలో ఒకనాడు దట్టమైన పొగతెర కమ్మేసింది. యుద్ధకాలం కావడంతో జపాన్ విషవాయువు వదిలిందని కొందరు భయపడ్డారు. తర్వాత ఒక ఫ్యాక్టరీని అనుమానించారు. అది మూతపడినా పొగ పోలేదు.

గుట్టు తేలింది

ఏరీ హాగెన్‌స్మిట్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు అప్పట్లో అనాసపండు వాసన మీద పరిశోధిస్తున్నారు. ఆయన ఈ చిక్కుముడి విప్పారు. పెట్రోలు ఆవిరినీ, ఓజోన్‌నూ కలిపి మొక్కలకు పట్టిస్తే, పొలంలో కనిపించిన మచ్చలే ఆకులపై తేలాయి. మోటారు బండ్లు, చమురు శుద్ధి కర్మాగారాలు వదిలే ఆవిర్లు, నత్రజని ఆక్సైడులు ఎండకు కలిసి ఓజోన్‌గా మారుతున్నాయని 1950 దశకం తొలినాళ్లలో ఆయన తేల్చారు. చమురు పరిశ్రమ మొదట ఒప్పుకోలేదు. చివరకు 1975 మోడలు కార్ల నుంచి పొగను శుద్ధి చేసే పరికరం అమెరికాలో వాడుకలోకి వచ్చింది.

పల్లెకూ తప్పదు

పై ఆకాశంలో ఓజోన్ మనకు గొడుగు. నేలమీద అదే విషం. పట్నం పొగ గాలివాటున సాగుతూ దారిలో ఓజోన్‌గా మారుతుంది. అందుకే పట్నం కంటే చుట్టుపక్కల పల్లెల్లోనే అది ఎక్కువగా ఉండవచ్చు. గోధుమ, సోయాచిక్కుడు, పత్తి, వేరుశెనగ దానికి తట్టుకోలేవు. ఆకు మీద మచ్చ కనిపించకపోయినా దిగుబడి తగ్గవచ్చు.

మన దేశంలో 2000లో సీసం లేని పెట్రోలు అంతటా వచ్చింది. 2020 ఏప్రిల్ 1 నుంచి కొత్త మోటారు వాహనాలకు భారత్ స్టేజి 6 నిబంధనలు అమలయ్యాయి. అయితే ఏ శుద్ధి పరికరమూ ఆపలేనిది ఒకటుంది. లీటరు డీజిలు కాలితే సుమారు 2.7 కిలోల బొగ్గుపులుసు వాయువు పుడుతుంది. అది ఆకును మాడ్చదు గాని భూమిని వేడెక్కించి ఎండావానల లెక్క తప్పిస్తుంది.

నల్లపొగ కక్కే ట్రాక్టరు డీజిలును సరిగా మండించడం లేదన్నమాట. గాలి ఫిల్టరు శుభ్రం చేసి, నాజిళ్లు చూపిస్తే చేనుకూ మేలు, జేబుకూ మేలు.