సిగరెట్ మానేశారు సరే.. మరి మందు సంగతేంటి? నెల రోజులు గ్లాసు పక్కన పెడితే జరిగేది ఇదే..

సిగరెట్ మానేసిన వాళ్లలో చాలామంది మళ్లీ జారిపడేది ఎక్కడో తెలుసా? ఆఫీసు టెన్షన్‌లో కాదు, టీ కొట్టు దగ్గర కూడా కాదు.. రెండో పెగ్గు దగ్గర. నెలల తరబడి అగ్గిపెట్టె ముట్టని మనిషి కూడా ఫ్రెండ్స్‌తో సిట్టింగ్‌లో కూర్చుంటే "ఒక్క దమ్మే కదా" అనేస్తాడు. తెల్లారేసరికి మళ్లీ ప్యాకెట్ కొంటాడు. అందుకే పొగ మానేసిన కొత్తలో మందుకు కూడా దూరంగా ఉండమని డాక్టర్లు చెబుతుంటారు.

కారణం మెదడులోనే ఉంది. నికోటిన్, ఆల్కహాల్ రెండూ డోపమైన్ అనే రసాయనాన్ని పెంచుతాయి. ఏళ్ల తరబడి రెండూ కలిపి లాగిస్తే, గ్లాసు కనబడగానే సిగరెట్ గుర్తొచ్చేలా మెదడు తయారైపోతుంది. పైగా మందు మొదట దెబ్బకొట్టేది నిగ్రహాన్నే. పగలంతా "వద్దు" అన్న మనిషే రాత్రి పదింటికి "పర్లేదులే" అంటాడు. ఇంకో సంగతీ ఉంది. మందు మత్తునిస్తే, నికోటిన్ చురుకు పుట్టిస్తుంది. సిగరెట్ తోడున్నన్నాళ్లూ ఎంత ఎక్కిందో సరిగ్గా తెలిసేది కాదు. అది పోయాక అవే రెండు పెగ్గులు బరువుగా అనిపిస్తే ఆశ్చర్యపోనక్కర్లేదు.

'సిగరెట్ మానేశా, ఇక సేఫ్' అనుకోవడం కూడా సగం నిజమే. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ ఆల్కహాల్‌ను 1988లోనే క్యాన్సర్ కారకాల జాబితాలో మొదటి గ్రూపులో పెట్టింది. పొగాకు ఉన్నది కూడా అదే గ్రూపులో. ఇంత తాగితే ప్రమాదం లేదు అని చెప్పగల సురక్షిత మోతాదు ఏదీ లేదని 2023 జనవరిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ తేల్చి చెప్పింది.

నెల రోజుల్లో ఏం మారుతుంది?

లండన్‌లో ఒక అధ్యయనం జరిగింది. ఓ మోస్తరుగా, అంతకంటే ఎక్కువగా తాగే 94 మంది నెల రోజులు పూర్తిగా మానేశారు. వాళ్లలో ఇన్సులిన్ నిరోధకత సుమారు పాతిక శాతం తగ్గింది. బీపీ, బరువు కూడా కొంత దిగాయి. 2018లో ఈ ఫలితాలు వెలువడ్డాయి. షుగర్ అంచున ఉన్నవాళ్లకు ఇది చిన్న విషయం కాదు.

బరువు లెక్క ఇంట్లోనే వేసుకోవచ్చు. 60 ఎంఎల్ విస్కీలో సుమారు 140 కేలరీలు ఉంటాయి. క్వార్టర్ అంటే 420. పక్కన పెట్టుకునే మిర్చి బజ్జీ, చికెన్ 65 లెక్క వేరే. "బీరే కదా" అనేవాళ్లకు ఒక మాట.. ఒక పెద్ద స్ట్రాంగ్ బీరు సీసాలో ఉండే ఆల్కహాల్ 90 ఎంఎల్ విస్కీ కంటే ఎక్కువే.

నిద్ర మాత్రం వెంటనే బాగుపడదు. మందుతో త్వరగా కన్ను మూతపడుతుంది గానీ అర్ధరాత్రి దాటాక నిద్ర ముక్కలవుతుంది. మానేసిన మొదటి కొన్ని రాత్రులు అసలు నిద్రే పట్టకపోవచ్చు. చాలామంది ఇక్కడే చేతులెత్తేస్తారు. వారం పది రోజులు ఓపిక పడితే చాలామందికి తేడా తెలుస్తుంది. అలాగని సాయంత్రం మందు బదులు కాఫీ మొదలుపెట్టొద్దు. సిగరెట్ మానేసిన వాళ్ల ఒంట్లో కెఫీన్ మునుపటి కంటే నెమ్మదిగా కరుగుతుంది. పాత లెక్కలో తాగితే రాత్రి జాగారమే. మజ్జిగ, ఉప్పు వేసిన నిమ్మకాయ సోడా మేలు.

మాల ఉంటే మాట్లాడరు.. లేకపోతే?

నెల రోజులు మానడం తెలుగువాళ్లకు కొత్తేం కాదు. అయ్యప్ప మాల వేసుకుంటే 41 రోజులు మందు, పొగ, మాంసం బంద్. అంతకుముందు రోజుకో క్వార్టర్ వేసినవాడు కూడా నిలబడతాడు. మెడలో మాల చూశాక "ఒక్కటి వెయ్ రా" అని ఎవరూ అనరు కాబట్టి. అసలు కిటుకు అదే. మాల తీసిన మర్నాడే పాత దారి పట్టేవాళ్లూ ఉన్నారు. దీక్ష ముగిసింది గానీ, సాయంత్రం ఏడింటికి చేతికి ఏం పని చెప్పాలో తేలలేదు.

మాల లేకుండా మానేవాళ్లకు మరీ కష్టం. అడిగిన ప్రతివాడికీ జవాబు చెప్పాలి. "బాబాయ్, టాబ్లెట్లు వాడుతున్నా" అని అబద్ధమాడటం కంటే "ఈ నెల మానేశా" అని ముందే నలుగురికీ చెప్పేయడం తేలిక. బ్రిటన్‌లో 2013లో ప్రచార ఉద్యమంగా మొదలైన 'డ్రై జనవరి' చేసేది కూడా ఇదే. అందరూ ఒకేసారి మానేస్తే బలవంతపెట్టేవాళ్లు తగ్గుతారు. 2018లో అందులో పాల్గొన్న 800 మందికి పైగా జనాన్ని ససెక్స్ యూనివర్సిటీ పరిశోధకులు అడిగారు. అంతకుముందు సగటున వారానికి 4.3 రోజులు తాగేవాళ్లు, ఆగస్టు నాటికి 3.3 రోజులకు దిగారు. పూర్తిగా మానలేదు, వారానికో రోజు తగ్గింది. వాళ్లంతట వాళ్లే ముందుకొచ్చినవాళ్లు కాబట్టి అందరికీ ఇలాగే జరుగుతుందని చెప్పలేం.

ఆ నెలలో గమనించాల్సింది ఒకటుంది. మందు ఎప్పుడు గుర్తొచ్చింది? జీతం రోజా, ఇంట్లో గొడవైన రోజా, ఊరికే ఆదివారమా? సిగరెట్ మానేటప్పుడు టీ తర్వాత, భోజనం తర్వాత అని లెక్కలు చూసుకున్న వాళ్లకు ఈ పని తెలిసిందే. 31వ రోజు గ్లాసు ముందుకొచ్చినప్పుడు పనికొచ్చేది ఈ లెక్కే.

వీళ్లు మాత్రం సొంతంగా మానొద్దు

రోజూ బాగా తాగేవాళ్లు, పొద్దున్నే చేతులు వణికేవాళ్లు ఒక్కసారిగా ఆపేయడం ప్రాణాలకే ప్రమాదం. చివరి పెగ్గు తర్వాత కొన్ని గంటల నుంచి రెండు మూడు రోజుల్లోపు చెమటలు, గుండెదడ, వాంతులు, ఫిట్స్ రావచ్చు. లేనివి కనబడి, ఎక్కడున్నారో తెలియని స్థితికి వెళ్లొచ్చు. 2020 లాక్‌డౌన్‌లో మద్యం షాపులు ఒక్కసారిగా మూతపడినప్పుడు హైదరాబాద్ ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయానికి ఇలాంటి కేసులు వరుస కట్టాయి. ఇది మొండితనంతో గెలిచే వ్యవహారం కాదు. డాక్టర్ మందులిచ్చి మెల్లగా దింపాల్సిందే. మద్యం మానడానికి సాయం కావాలంటే 14446కు, పొగాకు విషయంలో 1800-112-356కు, మనసు బాగోలేకపోతే టెలీ మానస్ 14416కు ఉచితంగా ఫోన్ చేయొచ్చు.