నాన్న ఇంజనుకు మళ్లీ రంగు

"కండ్లు కనవడని మనిషికి రంగులెందుకే?"

మా అమ్మ అడిగిన ఈ మాటకు ఆ రోజు నా దగ్గర జవాబు లేదు. జవాబు దొరకడానికి నాకు రెండు నెలలు, రెండుసార్లు వేసిన రంగు ఖర్చయ్యాయి!

మా నాన్న కాజీపేట లోకోషెడ్డులో క్లీనరుగా చేరి, ఫైర్‌మన్‌గా బొగ్గు వేసి, డ్రైవరుగా రిటైరయ్యారు. ఆవిరి ఇంజన్లు ఒక్కొక్కటే కనుమరుగవుతున్న రోజుల్లో, అంటే 1985లో, ఇంట్లోనే ఒక ఇంజన్ తయారుచేయడం మొదలెట్టారు. డ్యూటీ లేనప్పుడల్లా వరండాలో కూర్చుని రేకులు కత్తిరించడం, ఆకురాయితో అరగదీయడం, టంకం పెట్టడం... పూర్తి కావడానికి రెండేళ్లు పట్టింది. అసలు ఇంజన్‌లో అది 24వ వంతు. అయినా దాదాపు మీటరు పొడవుంటుంది.

అది డబ్ల్యూపీ ఇంజన్. డబ్ల్యూ అంటే బ్రాడ్‌గేజ్, పీ అంటే పాసింజరు. 1947లో మొదటివి అమెరికాలోని బాల్డ్విన్ కంపెనీ నుంచి వచ్చాయి. తర్వాత మన చిత్తరంజన్ కర్మాగారంలోనూ తయారయ్యాయి. 1967 వరకు మొత్తం 755 చేశారు. ముందు నాలుగు చిన్న చక్రాలు, నడుమ ఆరు పెద్దవి, వెనక రెండు. తుపాకిగుండులా ఉబ్బిన ముక్కు, దానిమీద నక్షత్రం. ఒకప్పుడు మెయిలు, ఎక్స్‌ప్రెస్ బండ్లను లాగిన ఇంజన్లివి.

నాన్నకిప్పుడు ఎనభై నాలుగేళ్లు. గ్లకోమాతో చూపు తగ్గుతూ వచ్చి, వెలుతురూ నీడా మాత్రమే మిగిలాయి. పోయిన చూపు తిరిగి రాదన్నారు డాక్టర్లు. ఆయన ఇంజన్ కూడా అటక మీద పెచ్చులూడిపోయి ఉంది. దాన్నైనా బాగుచేద్దామనిపించింది నాకు.

మెరుపే పొరపాటు

ఉత్సాహం ఎక్కువ, తెలివి తక్కువ! గరుకు కాగితంతో పైపైన రుద్దాను. గుంటల్లో పుట్టీ నింపాను. తలుపులకు వేసే నల్ల ఎనామిల్ డబ్బా తెచ్చి మూడు కోటింగులు లాగించాను. అద్దంలా మెరిసింది. ఇంటికొచ్చినవాళ్లంతా "కొత్తది కొన్నారా?" అన్నారు. నేను పొంగిపోయాను.

నాన్న మాత్రం దాన్ని వేళ్లతో తడిమారు. బాయిలర్ మీద, క్యాబ్ మీద, టెండర్ మీద. మళ్లీ మొదటికొచ్చారు.

"ఏం బిడ్డా, దీని రివిట్లు ఏడబోయినయ్? సొట్ట గూడ లేదు. ఇది మన బండేనా?"

నా గుండె జారిపోయింది. ఆవగింజలో సగం ఉండే ఆ రివిట్లను ఆయన మొండి మేకుతో రేకు వెనకనుంచి ఒక్కొక్కటే గుద్ది లేపారు. వందల్లో ఉంటాయి. అవన్నీ నా రంగు కింద మునిగిపోయాయి. ఇక ఆ సొట్ట... నా పదకొండో ఏట దుమ్ము దులపబోయి ఇంజన్‌ను కింద పడేశాను. టెండర్ మూల నొక్కుకుపోయింది. నాన్న తిట్టలేదు, సరిచేయనూ లేదు. "బండన్నంక దెబ్బలు తగుల్తయ్" అన్నారంతే. దాన్నే నేను పుట్టీతో పూడ్చేశాను.

చూపు లేని మనిషి ఆ ఇంజన్‌ను ఇన్నాళ్లూ వేళ్లతోనే చూస్తున్నారని అప్పటిదాకా నాకు తట్టలేదు!

ఇడ్లీ ప్లేటులో ఇంజన్

మళ్లీ మొదలుపెట్టాను. ముందుగా అన్ని వైపులనుంచీ ఫొటోలు తీసుకున్నాను. విప్పిన స్క్రూలు, పైపులు ఏ భాగానివి ఆ భాగానికి పాత ఇడ్లీ ప్లేటు గుంటల్లో వేశాను. డాబా మీద గాలి తగిలేచోట, చేతులకు తొడుగులు వేసుకుని, పెయింట్ రిమూవర్ రాసి పాత టూత్‌బ్రష్షుతో రంగు తీశాను. రేకు బయటపడుతుంటే నాన్న సూదిమొనతో గీసుకున్న గీతలు కనిపించాయి. ఒకచోట తప్పు కోసి, మళ్లీ టంకం పెట్టి అతికిన గుర్తు కూడా. ఇత్తడి కడ్డీలను మాత్రం చింతపండుతో తోమాను. అది నాకొచ్చిన విద్యే కదా!

ఈసారి డబ్బా రంగు జోలికి పోలేదు. కార్లకు రంగులేసే షాపులో పలచటి బూడిదరంగు ప్రైమర్ స్ప్రే అడిగి తెచ్చుకున్నాను. ఒక్కసారే దట్టంగా కాకుండా, మంచు పడ్డట్టు పలచగా ఒక పొర. అది ఆరాక ఇంకొకటి. ప్రతి పొర తర్వాతా కళ్లు మూసుకుని తడిమేదాన్ని. రివిట్లు తగలాలి. తగలకపోతే అక్కడ తీసేసి మళ్లీ వేశాను.

రంగుల విషయం నాన్ననే అడిగాను. "బాయిలర్‌కు వేడి పోకుండా లోపల పూత, పైన రేకు ఉంటయ్. దాని రంగు మెరుస్తది. ముందర పొగపెట్టెకు ఆ తొడుగుండది. రంగు కాలి మాడిపోతది. అది మెరవద్దు" అన్నారు. అందుకే పొగపెట్టెకు మెరుపులేని నలుపు, బాయిలర్‌కు కొద్దిపాటి మెరుపున్న నలుపు, ముందు బఫర్ల దిమ్మెకు ఎరుపు వేశాను. చక్రాలను కలిపే కడ్డీలకు నూనె జిడ్డు మెరుపు ఇచ్చాను. నీళ్లలోని ఉప్పు పేరుకునే చోట్ల సన్నటి తెల్లచారలు దిద్దాను. ముక్కు మీద నక్షత్రానికి మాత్రం మూడు రాత్రులు పట్టింది.

టెండర్‌లో బొగ్గు కావాలిగా! ఇస్త్రీ బండి దగ్గర అడిగి తెచ్చి, చితక్కొట్టి నింపాను. నాన్న ఒక ముక్క తీసుకుని నవ్వారు. "ఇది కట్టెబొగ్గు. బరువే లేదు. రాక్షసిబొగ్గు గావాలె." చివరికి తెలిసినవాళ్ల ద్వారా గుప్పెడు సింగరేణి బొగ్గు తెప్పించాను.

అన్నీ అమర్చి ఆయన ముందు పెట్టిన రోజు నాకు పరీక్ష రాసినట్టే ఉంది. వేళ్లు ముక్కు దగ్గర మొదలై, రివిట్ల వరస వెంట నడిచి, క్యాబ్‌లోకి వెళ్లి రెగ్యులేటర్ పిడిని పట్టుకున్నాయి. తర్వాత టెండర్ మూలకొచ్చి సొట్ట దగ్గర ఆగాయి. ఆయన ఏమీ అనలేదు. కాసేపటికి, "నక్షత్రం ఏ రంగేసినవ్?" అన్నారు. "ఎర్రది నాన్నా" అన్నాను. "అదే" అన్నారు.

ఇప్పుడది ఆయన మంచం పక్కన బల్ల మీద ఉంటోంది. రోజూ మెత్తటి బ్రష్షుతో దుమ్ము దులిపేదెవరనుకుంటున్నారు? రంగులెందుకని అడిగిన మా అమ్మే!

మీరూ మొదలెడితే...

పాత ఎనామిల్ రంగుల్లో సీసం ఉండొచ్చు. ఇళ్లకు వేసే రంగుల్లో అది 90 పీపీఎం మించకూడదన్న నిబంధన 2017 నవంబరులోగానీ అమల్లోకి రాలేదు. కాబట్టి పొడిగా రుద్దకండి (మొదటిసారి నేను చేసిన తప్పు అదే). తడిపి రుద్దండి, మాస్కు పెట్టుకోండి, పిల్లల్ని దూరంగా ఉంచండి. రిమూవర్, స్ప్రే వాడేటప్పుడు దగ్గర్లో మంట వద్దు. గాలి ఆడాలి. పనికి ముందు నేల మీద నీళ్లు చల్లితే దుమ్ము లేచి తడిరంగు మీద పడదు.

ఇంకొక్క మాట. మీ ఇంట్లో పెద్దవాళ్లు చేసిన బొమ్మో, పెట్టో, పీటో ఉంటే, రంగు డబ్బా తెరిచేముందు ఒకసారి కళ్లు మూసుకుని దాన్ని తడిమి చూడండి. ఏది కప్పకూడదో మీ వేళ్లే చెబుతాయి.