ఆయా ఆరోగ్యం కూడా మన బాధ్యతే

దంపతులిద్దరూ ఉద్యోగస్తులైన ఇళ్ళలో పసిపిల్లల ఆలనాపాలనా చాలావరకు ఆయా చేతుల మీదుగానే సాగుతుంది. ఆమె దగ్గితే మనం కంగారు పడతాం. మరి మన బిడ్డకు ఆటలమ్మ పోస్తే ఆ సంగతి ఆమెకు వెంటనే చెబుతున్నామా?

ఆటలమ్మ పొక్కులు కనిపించడానికి ఒకటి రెండు రోజుల ముందు నుంచి, అవన్నీ ఎండి పక్కు కట్టేవరకు ఇతరులకు అంటుకుంటుంది. సోకిన 10 నుంచి 21 రోజులలో బయటపడుతుంది. పెద్దలలో తీవ్రంగా ఉంటుంది; గర్భిణులకు మరింత ప్రమాదకరం. ఆయాకు ఇదివరకు ఆటలమ్మ రానట్లయితే, బిడ్డ కోలుకునేవరకు జీతంతో కూడిన సెలవు ఇవ్వడం మన ధర్మం.

దగ్గు రెండు వారాలు దాటితే, ఆయాకైనా మనకైనా క్షయ పరీక్ష అవసరం. ప్రభుత్వ ఆస్పత్రులలో పరీక్షలు, మందులు ఉచితం. సాధారణ క్షయకు చికిత్స 6 నెలలు. 2024 నవంబరు నుంచి పోషకాహారం నిమిత్తం ప్రభుత్వం రోగికి ఇచ్చే సాయం నెలకు 1000 రూపాయలకు పెరిగింది. వైద్యుడు అనుమతించిన తరువాత ఆమెను తిరిగి పనిలోకి తీసుకోవచ్చు.

జ్వరం వస్తే మనకు సిక్ లీవు ఉంది. ఆమె నాగా పెడితే జీతంలో కోత పడుతుంది. ఆ భయంతోనే ఆమె జబ్బును దాచుకుంటుంది. దాచిన జబ్బు ముందుగా చేరేది ఆమె ఒడిలోని మన బిడ్డకే.