నడక ఉండగానే
తెలుగూ కన్నడమూ కలిసి నడిచే రాయచూరు సీమలో కల్మల ఊరివాళ్లకు పెద్దాసుపత్రి అంటే రాయచూరు రిమ్స్. అంతకు మించిన కేన్సర్ వైద్యానికి బెంగళూరు కిద్వాయి కన్నా హైదరాబాదు ఎంఎన్‌జే దగ్గర. రేషన్ కార్డు కర్ణాటకది కనుక తెలంగాణ ఆరోగ్యశ్రీ మాత్రం అక్కడ వర్తించదు. ఊపిరితిత్తుల కేన్సర్ వెన్నుకు పాకినప్పుడు ఎటు వెళ్లాలో తేల్చుకోవడానికి వారాలు పట్టకూడదు. పూసలో పెరిగిన గడ్డ వెన్నుపామును నొక్కితే కాళ్లు పడిపోతాయి. నడుస్తూ వచ్చినవాళ్లలో ఎక్కువమందికి నడక నిలుస్తుంది; పడిపోయి రోజులు గడిచాక తిరిగి రావడం అరుదు.

నిజానికి ఎముకను తినేది కేన్సర్ కణం కాదు. పాత ఎముకను కరిగించే కణాలు మన ఒంట్లోనే ఉంటాయి, కేన్సర్ వాటిని ఉసిగొల్పుతుంది. చాకిరీ వల్ల వచ్చే నడుం నొప్పి పడుకుంటే తగ్గుతుంది. కేన్సర్ నొప్పేమో తరచుగా పడుకున్నాకే, రాత్రిపూటే, ఎక్కువవుతుంది.

ఊపిరితిత్తిలో మచ్చ, వెన్నులో నొప్పి అనగానే మన దగ్గర ముందు తట్టేది టీబీ. తట్టాల్సిందే. టీబీ సాధారణంగా పూసల మధ్య డిస్కును కూడా తినేస్తుంది, కేన్సర్ డిస్కును వదిలేస్తుంది. అయినా ఫిల్ము చూసి తేల్చలేం, ముక్క పరీక్ష (బయాప్సీ) కావాలి. కళ్లె పరీక్షలో ఏమీ దొరక్కపోయినా టీబీ మాత్రలిచ్చి రెండు నెలలు చూద్దామనడం నా దృష్టిలో ఖరీదైన ఓపిక.

కాళ్లలో తిమ్మిరి, తూలుడు, మూత్రం బిగింపు కనిపిస్తే ఆ రోజే వెన్నంతటికీ ఎమ్మారై తీయాలి, వాపు తగ్గించే డెక్సామెథసోన్ మొదలెట్టాలి. తర్వాత ఆపరేషనా, కరెంటు (రేడియేషన్) పెట్టడమా? ఒకేచోట నొక్కుడున్న రోగుల మీద 2005లో వెలువడిన అమెరికా అధ్యయనంలో ఆపరేషన్ చేసి కరెంటు పెట్టినవారిలో 84 శాతం నడవగలిగారు, కరెంటు ఒక్కటే పెట్టినవారిలో 57 శాతం. ఆపరేషన్‌కు తట్టుకోలేనివాళ్లకు 2019 నాటి బ్రిటన్ అధ్యయనం పనికొస్తుంది: ఒక్కరోజు కరెంటుతో 69 శాతం, ఐదు రోజులతో 73 శాతం ఎనిమిది వారాలకు నడుస్తున్నారు. రెండూ సమానమని గణాంకాల ప్రకారం రుజువు కాలేదు. కానీ ఊరు దాటి వచ్చి లాడ్జిలో దిగేవాళ్లకు ఆ నాలుగు రోజులు చిన్నవి కావు.

ముక్కలో ఈజీఎఫ్‌ఆర్, ఏఎల్‌కే జన్యు మార్పులు కూడా చూడమనాలి. ఉంటే మాత్రలతోనే గడ్డలు చాలాకాలం అణగి ఉండవచ్చు. ఎముక విరగకుండా జోలెడ్రోనిక్ యాసిడ్ ఎక్కిస్తారు. దానికి ముందు పుచ్చుపళ్లు చూపించుకోవాలి: ఆ మందు పడ్డాక పన్ను పీకితే దవడ ఎముక మానకపోవచ్చు.