‘లొడలొడ’ చప్పుడును పెడచెవిన పెట్టొద్దు

హిందూపురం: పెనుకొండ మండలం ఎర్రమంచి వద్ద కియా కర్మాగారంలో 2019 నుంచి కార్లు తయారవుతున్నాయి. కొత్త బండ్లు అక్కడి నుంచి 44వ నంబరు జాతీయ రహదారి ఎక్కి ఎక్కడెక్కడికో వెళ్లిపోతాయి. చుట్టుపక్కల పల్లెల్లో మాత్రం ఒకరిద్దరి చేతులు మారిన పాత కార్లు ఇంకా తిరుగుతూనే ఉన్నాయి. ధర్మవరం నుంచి పట్టుచీరల మూటలు తేవాలన్నా, రోగిని బెంగళూరు ఆసుపత్రికి తీసుకెళ్లాలన్నా అవే దిక్కు.

ఇలాంటి బండి గతుకుల్లో పడగానే కింద నుంచి లొడలొడమని చప్పుడు వస్తుంది. కొందరు పాటల శబ్దం పెంచి ఆ చప్పుడు వినపడకుండా చేసుకుంటారు. మరికొందరు షాకబ్జర్లు పోయాయనుకుని నాలుగూ మార్పించేస్తారు. మొదటి పనితో ప్రాణానికి ముప్పు, రెండో పనితో డబ్బు దండుగ. చప్పుడు ఎక్కడ పుడుతున్నదో కనిపెట్టాకే పానా చేతబట్టాలి.

ముందు డిక్కీ ఖాళీ చేయండి

జాకీ, పానాలు, స్టెప్నీ వదులుగా ఉన్నా ఇలాంటి చప్పుడే వస్తుంది. వాటిని తీసి పక్కనపెట్టి, అదే దారిలో మళ్లీ నడిపి చూడాలి. నంబరు ప్లేటు, సైలెన్సరు పైనున్న రేకు కూడా కదులుతున్నాయేమో తట్టి చూడాలి. నడిచేటప్పుడు బ్రేకు మీద కొద్దిగా కాలు ఆనిస్తే చప్పుడు ఆగిపోతోందా? అయితే బ్రేకు ప్యాడ్లు, కాలిపర్లు చూపించుకోవాలి.

గుంత చెప్పే గుట్టు

స్పీడు బ్రేకరు మీద రెండు ముందు చక్రాలూ ఒకేసారి ఎక్కి దిగుతాయి. గుంతలో ఒక చక్రమే పడుతుంది. స్పీడు బ్రేకరు మీద పెద్దగా వినపడని చప్పుడు, ఒక చక్రం గుంతలో పడినప్పుడు టకటకమంటే మొదట స్టెబిలైజర్ లింకులను అనుమానించాలి. రెండు వైపుల చక్రాలనూ కలుపుతూ అడ్డంగా ఒక ఊచ ఉంటుంది. ఒక చక్రం లేచి రెండోది లేవనప్పుడే ఆ ఊచ మెలి తిరుగుతుంది, దాని కొసలకున్న లింకుల మీద ఒత్తిడి పడుతుంది. షాకబ్జర్లతో పోలిస్తే లింకుల ఖర్చు బాగా తక్కువ. గోటితో పోయేదానికి గొడ్డలి ఎందుకు?

షాకబ్జరు సంగతి వేరు. బండి ఒక మూల బలంగా కిందికి నొక్కి వదలాలి. ఒకటి రెండు ఊపులతో నిలవకుండా ఊగుతూనే ఉన్నా, షాకబ్జరు మీదుగా నూనె కారుతున్నా అది అయిపోయినట్లే. ఒక్కదాన్ని మార్చకూడదు. ముందువైతే ముందు రెండూ, వెనకవైతే వెనక రెండూ కలిపి మార్చాలి.

బ్రేకు వేసినప్పుడో, బండి కదిలేటప్పుడో దబ్‌మని ఒక్క దెబ్బ వినిపిస్తే లోయర్ ఆర్మ్ బుష్షులు అరిగి ఉండవచ్చు. నిలబడిన బండి స్టీరింగు తిప్పితే టంగుమంటే షాకబ్జరు పైనుండే మౌంటు, బేరింగు చూడాలి.

దీనితో చెలగాటం వద్దు

అన్నిటికన్నా ప్రమాదమైనది బాల్ జాయింటు. బాగా అరిగితే అది ఊడిపోతుంది. ఊడితే చక్రం పక్కకు వాలిపోయి స్టీరింగు మాట వినదు. రహదారి మీద వేగంలో ఉండగా అలా జరిగితే బండిలోని వారినే కాదు, ఎదురొచ్చేవారినీ బలి తీసుకోవచ్చు.

దీన్ని చూడాలంటే చక్రాన్ని జాకీతో లేపి, పైనా కిందా పట్టుకుని ఊపాలి. కదలిక ఉంటే బాల్ జాయింటో, చక్రం బేరింగో వదులైందన్నమాట. ఎడమ కుడి పక్కలు పట్టుకుని ఊపితే కదిలితే టై రాడ్ ఎండు వైపు చూడాలి. కదలిక కనిపించిన బండిని దూరప్రయాణానికి తీయకూడదు.

జాకీ ఒక్కదాన్నే నమ్మి బండి కింద దూరవద్దు. నేల మీదున్న చక్రాలకు రాళ్లు అడ్డుపెట్టి, బండి కింద గట్టి స్టాండు నిలపాలి. స్ప్రింగు విప్పే పని ఇంటి దగ్గర అసలు పెట్టుకోవద్దు. నొక్కుకుని ఉన్న స్ప్రింగు జారితే మనిషి బతకడం కష్టం. దాన్ని బిగించి పట్టే సాధనం ఉన్న మెకానిక్ దగ్గరికే వెళ్లాలి.

మార్చాక మరిచిపోయేవి

రబ్బరు బుష్షులు వేశాక, బండి బరువు చక్రాల మీద ఉన్నప్పుడే వాటి బోల్టులు చివరిగా బిగించాలి. గాలిలో వేలాడుతుండగా బిగిస్తే రబ్బరు మెలిపడి త్వరగా చిరుగుతుంది. లోయర్ ఆర్మ్, టై రాడ్ ఎండు మార్చితే చక్రాల అలైన్‌మెంటు తప్పనిసరి. లేకుంటే కొత్త టైర్లు కూడా ఒకపక్క అరిగిపోతాయి.

మెకానిక్ దగ్గరికి వెళ్లే ముందు చప్పుడు ఏ పక్క, ఏ వేగంలో, ఏం చేస్తే వస్తోందో కాగితం మీద రాసుకోవాలి. విప్పిన పాత సామాను చూపించమని అడగాలి. పని అయ్యాక మెకానిక్‌ను పక్కన కూర్చోబెట్టుకుని, చప్పుడు వచ్చిన ఆ గుంత మీదే మళ్లీ నడపాలి. చప్పుడు పోయిందని ఇద్దరి చెవులూ ఒప్పుకున్నాకే డబ్బు లెక్కపెట్టాలి.