కనబడని నీటి చిల్లు

పడమటింటి గోడ అడుగున సున్నము పొంగి, రంగు పెచ్చులుగా ఊడిపోవుచున్నదనుకొందము. ఇంటివారు మేస్త్రీని పిలిపింతురు. మేస్త్రీ మచ్చ ఉన్నచోటనే గోడ పగులగొట్టును. తీరా చూచినచో అక్కడ గొట్టమే ఉండదు. నీరు చిల్లు పడినచోట కనబడక, దారి దొరికినంత దూరము పోయి, అక్కడ బయటపడుటయే దీనికి కారణము.

నీరు పల్లమునకే పారునని అందరికిని తెలియును. కాని ఇటుకలోను సున్నములోను ఉన్న సన్నని రంధ్రములలో అది పైకి గూడ ప్రాకగలదు. దీపపు వత్తిలో నూనె ఎక్కునదియు ఇట్లే. దీనినే కేశనాళికత అందురు. రంధ్రము ఎంత సన్ననిదైన నీరు అంత ఎత్తు ఎక్కును. 0.01 మిల్లీమీటరు వ్యాసార్ధముగల శుభ్రమైన గాజు గొట్టములో నీరు లెక్క ప్రకారము సుమారు ఒకటిన్నర మీటరు ఎక్కవలెను. గోడలోని రంధ్రములు అంత తిన్నగా ఉండవు. పైగా చెమ్మ దారిలోనే ఆరిపోవుచుండును. అయినను నేల క్రింది చిల్లు మోకాలెత్తున మచ్చగా కనబడుటలో వింత లేదు. మచ్చ అంచున ఉండు తెల్లని పొడి, నీరు ఆవిరికాగా మిగిలిన లవణములు. అది నీరు ఆరిన చోటును చూపునే గాని, పుట్టిన చోటును చూపదు.

కావున మొదట అడుగవలసినది 'ఎక్కడ?' అని కాదు, 'ఎప్పుడు?' అని. వాన కురిసిన మరునాడు మచ్చ పెరిగినచో దోషము డాబాదో, కిటికీపై సజ్జదో అయియుండును. ఇల్లు తాళము వేసి నాలుగు రోజులు ఊరికి పోయినప్పుడు తగ్గినచో మురుగు గొట్టమును అనుమానింపవలెను. వాడుకొన్నప్పుడు మాత్రమే అందులో నీరుండును. వానకును వాడకమునకును సంబంధము లేక ఎల్లవేళల ఒకే తీరుగా ఉన్నచో, మేడమీది తొట్టినుండి కుళాయిలకు వచ్చు గొట్టములను చూడవలెను. అవి ఎల్లప్పుడును నిండియే ఉండును.

ఈ చివరి అనుమానమును తేల్చుటకు ఒక స్కేలు, ఒక రాత్రి చాలును. తొట్టి పొడవు 1.2 మీటర్లు, వెడల్పు 1 మీటరు అయినచో మట్టము 1 సెంటీమీటరు దిగుట అనగా 12 లీటర్లు పోవుట. అందరును పండుకొన్న తరువాత, తొట్టిలోనికి నీరు ఎక్కకుండ ఆపి, కుళాయిలన్నియు కట్టి మట్టమును కొలువవలెను. తెల్లవారి ఎవ్వరును నీరు ముట్టకముందే మరల కొలువవలెను. ఒక్క మిల్లీమీటరు దిగినంతనే కంగారుపడరాదు. మీటరు లోతు నీరు 30 డిగ్రీలనుండి 25 డిగ్రీల సెంటీగ్రేడుకు చల్లబడినచో, కుంచించుకొనుట వలననే మట్టము ఒక మిల్లీమీటరుకు పైగా దిగును.

అంతకు మించి దిగినచో, మరునాటి రాత్రి తొట్టి అడుగున ఉన్న వాల్వు మూసి ఇదే కొలత తీయవలెను. అప్పుడును దిగినచో తప్పు తొట్టిదే. దిగిదిగి ఒకచోట నిలిచిపోయినచో మరీ మంచిది. పగులు ఆ మట్టముననే ఉన్నది! వాల్వు మూయగానే దిగుట ఆగినచో నీరు గొట్టములలో పోవుచున్నది. ఇక ఒక్కొక్క గది వాల్వు మూయుచు చూచినచో దోషమున్న భాగము దొరకును. కాని పలుగు ఎత్తుటకు ముందు పాయిఖానాలోని ఫ్లష్ తొట్టిలో కొంచెము నీలిరంగు కలిపి అరగంట ఆగవలెను. ఎవ్వరును నీరు వదలకయే రంగు క్రిందికి దిగినచో, చెడినది లోపలి రబ్బరు బిళ్ళ మాత్రమే.

చిన్న చిల్లుకు ఇంత శ్రమ ఎందుకని అనిపించవచ్చును. 1644లో టారిసెల్లీ ప్రకటించిన సూత్రము ప్రకారము, 6 మీటర్ల ఎత్తుగల నీటి క్రింద చిల్లునుండి నీరు సెకనుకు సుమారు 10.8 మీటర్ల వేగముతో చిమ్మును. చిల్లు వ్యాసము 1 మిల్లీమీటరు అనుకొని, ధార సన్నబడుటను గూడ లెక్కించినచో, రోజుకు సుమారు 440 లీటర్లు పోవును. మట్టిలోనో గచ్చులోనో కూరుకొన్న చిల్లునుండి ఇంతకన్న తక్కువే పోవును. సెకనుకొక బొట్టు కారు కుళాయినుండి పోవునది మాత్రము రోజుకు నాలుగు లీటర్ల చిల్లర.

అయితే పోవు నీటికన్న వచ్చు నీరు ప్రమాదకరము. వీధి గొట్టమునుండి ఇంటి సంపునకు వచ్చు గొట్టము సంగతి వేరు. రోజున గంటో రెండు గంటలో నీరు వదలు ఊళ్ళలో, తక్కిన వేళల ఆ గొట్టములో పీడనము ఉండదు. నీరు బయటికి కారిన చిల్లునుండియే ప్రక్కనున్న మురుగు లోనికి చేరును. నీరు వదలినప్పుడు మొదటి బిందె మురికిగానో, వాసనగానో ఉండుట ఇందుకొక గుర్తు. కాని రంగు, వాసన లేని నీటిలో గూడ కామెర్లను, టైఫాయిడును కలిగించు క్రిములు ఉండవచ్చును. మీటరున్న ఇంట దీనిని పరీక్షించుట తేలిక. నీరు వచ్చు వేళ సంపు ముందున్న వాల్వు మూసి, ఆ గొట్టముపై కుళాయిలుంటే అవియు కట్టివేయవలెను. అయినను మీటరు ముల్లు తిరుగుచున్నచో చిల్లు మీటరుకును సంపునకును నడుమ ఉన్నట్లే. ఇది ఎంత చిన్నదైనను వాయిదా వేయరాదు. బాగుచేయువరకు నీటిని కాచి త్రాగవలెను.

చోటు గుర్తించుటకు పనివారు ఇనుప గొట్టముపై కఱ్ఱ ఆనించి, రెండవ కొన చెవికి పెట్టి వినెడివారు. నీరు చిమ్ము సవ్వడి ఇనుములో చాల దూరము పోవును. నేటి ప్లాస్టిక్ గొట్టములలో అది త్వరగా అణగిపోవుటచే ఈ ఉపాయము అంతగా పనికిరాదు.

మరమ్మతైన పిమ్మట మచ్చను చూచి తీర్పు చెప్పరాదు. లావుపాటి గోడ ఆరుటకు నెలలు పట్టవచ్చును. తొట్టి మట్టమును మరియొక రాత్రి కొలిచినచో తెల్లవారుసరికే సంగతి తేలును. గోడకు రంగు వేయుట మాత్రము అది పూర్తిగా ఆరిన తరువాతనే.